తీవ్ర పోషకాహార లోపం: ఆదిలాబాద్ ప్రాంతంలో గుర్తింపు, చికిత్స

శరీరానికి చాలినన్ని పోషకాలు అందక కండరం, కొవ్వు కరిగిపోయి, రోగనిరోధక శక్తి క్షీణించే స్థితిని తీవ్ర పోషకాహార లోపం అంటారు. 2016లో నాలుగు జిల్లాలుగా విడిపోయిన పూర్వపు ఆదిలాబాద్‌లో, ముఖ్యంగా ఉట్నూరు పరిసరాల్లోని గోండు, కొలాం గూడేల్లో, ఇది పసిపిల్లలను పీడిస్తున్న సమస్య.

ఆరు నెలలు నిండిన ఐదేళ్లలోపు పిల్లల్లో జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకన్నా తక్కువగా ఉన్నా, ఎత్తుకు తగ్గ బరువు బాగా పడిపోయినా, రెండు పాదాలనూ వేలితో నొక్కినప్పుడు సొట్ట పడేంత నీరు చేరినా లోపం తీవ్రమైనదిగా నిర్ధారిస్తారు. వీటిలో మూడోది తరచూ కళ్లుగప్పుతుంది. ఒంటికి నీరుపట్టిన బిడ్డ బొద్దుగా కనిపించడమే కాక తూకంలోనూ దొరకదు కాబట్టి, అంగన్‌వాడీలో పాదాలు నొక్కి చూడడం తప్పనిసరి.

ఆకలి మందగించినవారిని, నీరుపట్టినవారిని, జ్వరం, విరేచనాలతో నీరసించినవారిని పోషకాహార పునరావాస కేంద్రంలో చేరుస్తారు. అక్కడ రక్తంలో చక్కెర, ఒంటి వేడి పడిపోకుండా కాపాడుతూ, 100 మిల్లీలీటర్లకు 75 కిలోకాలరీల శక్తినిచ్చే ఎఫ్-75 అనే పాలమిశ్రమాన్ని రాత్రింబవళ్లు కొద్దికొద్దిగా తాగిస్తారు. బిడ్డకు కడుపునిండా పెట్టాలన్న తల్లి ఆరాటం ఎంతో సహజమే అయినా, తొలి రోజుల్లో ఒక్కసారిగా ఎక్కువ ఆహారమిస్తే రక్తంలోని ఫాస్ఫరస్, పొటాషియం తగ్గిపోయి ప్రాణాపాయం కలగవచ్చు. ఆకలి తిరిగొచ్చాక మరింత శక్తినిచ్చే ఎఫ్-100కు మారుస్తారు. ఇనుము మందును బరువు పెరగడం మొదలయ్యాకే ఇస్తారు.

నివారణ కోసం అంగన్‌వాడీల్లో మూడేళ్లలోపు పిల్లలకు బాలామృతం అనే పోషకాహార పిండి, 2015 నుంచి గర్భిణులకు, బాలింతలకు ఆరోగ్యలక్ష్మి పథకం కింద భోజనం అందుతున్నాయి. పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ చేపట్టిన గిరి పోషణ కార్యక్రమం జొన్న వంటి అలవాటైన ధాన్యాలతో చేసిన ఆహారాన్నే గిరిజన పిల్లలకు, తల్లులకు అందించింది.