చమురు దొరికింది, పేర్లు పెట్టాలి

నార్వేలో నేనుండే స్టవాంగర్ ఒకప్పుడు సార్డిన్ చేపల డబ్బాల ఊరు. 1969 చివర్లో ఉత్తర సముద్రంలోని ఎకోఫిస్క్ దగ్గర ఫిలిప్స్ అనే అమెరికన్ కంపెనీకి చమురు తగలడంతో ఊరి జాతకం మారింది. చమురు నార్వేదే. దాన్ని తోడే విద్య మాత్రం అమెరికాది. మాన్యువళ్లతో పాటు తిట్లు కూడా ఇంగ్లీషులోనే దిగాయి.

వేరే దేశమైతే సర్దుకుపోయేదేమో. నార్వే దాదాపు నాలుగు వందల ఏళ్లు డెన్మార్క్‌తో, ఆ తర్వాత 1905 దాకా స్వీడన్ రాజు కింద గడిపింది. డేనిష్ రాత నుంచి బయటపడే తగువులోనే బూక్మోల్, నీనోర్స్క్ అని రెండు రాతభాషలు స్థిరపడ్డాయి. నీళ్లను ఒకదాంట్లో ‘వన్’ అని, రెండోదాంట్లో ‘వాట్న్’ అని రాస్తారు. మాటల కోసం పోట్లాట వీళ్లకు జాతీయ వ్యసనం. సాంకేతిక పదాల కోసం 1938లోనే ఒక మండలి పెట్టుకున్నారు. 1972లో ప్రభుత్వ చమురు కంపెనీ స్టాటాయిల్, చమురు డైరెక్టరేట్ పుట్టాయి. భాషా మండలి పని మొదలుపెట్టిందీ ఆ ఏడాదే. 1979లో బెర్గెన్ విశ్వవిద్యాలయంలో పదకోశ బ్యాంకు మొదలై చమురు మాటలను తలకెత్తుకుంది.

అన్నిటికన్నా చిక్కు పెట్టినవి ద్రవాలు. బావి తవ్వేటప్పుడు లోపలికి పంపే ‘మడ్’ పేరుకే బురద. నీటిలోనో నూనెలోనో బంకమన్ను, బరైట్ పొడి లెక్క ప్రకారం కలుపుతారు. అది తవ్విన రాతిపొడిని పైకి తెస్తుంది, తన బరువుతో అడుగునున్న ఒత్తిడిని అణచిపెడుతుంది. దాన్ని ‘బోరెస్లామ్’ అన్నారు. స్లామ్ అంటే మడ్డి. ఇంత లెక్కగా కలిపినదాన్ని మడ్డి అనడమేమిటని కాబోలు, ‘బోరెవెస్కె’, అంటే తవ్వకపు ద్రవం, అనే మాట కూడా నిలబడింది. నియమాల్లో కనిపించేది ఇదే.

‘ఫ్లూయిడ్’ అంతకన్నా మొండిది. ఇంగ్లీషులో అది ద్రవమూ కావచ్చు, వాయువూ కావచ్చు. నార్వేజియన్ ‘వెస్కె’ ద్రవమే. మన ఇంటర్ ఫిజిక్సులో ‘ప్రవాహి’ ఉంది కాబట్టి మనం తప్పించుకున్నాం. వీళ్లు చివరికి ‘ఫ్లూయిడ్’నే ఉంచుకున్నారు. ద్రవమా, వాయువా అని పట్టుబట్టడం ఛాందసం కాదు. బావిలోకి చొరబడింది వాయువైతే పైకి వచ్చేకొద్దీ ఉబ్బుతుంది, మడ్‌ను తోసేస్తుంది. ఆ చొరబాటును ‘బ్రొన్‌స్పార్క్’ అంటారు, బావి తన్నడమన్నమాట. అదుపు తప్పితే ‘ఊట్‌బ్లోసింగ్’, అంటే బ్లోఅవుట్. 1995లో పాశర్లపూడి మంట చూసిన కోనసీమ వాళ్లకు బ్లోఅవుట్ అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. నార్వే ఆ మాట అర్థాన్ని కళ్లారా చూసింది 1977 ఏప్రిల్‌లో. ఎకోఫిస్క్ బ్రావో ప్లాట్‌ఫారం మీద ఎనిమిది రోజులు చమురు ఎగజిమ్మింది. ప్రాణాలు పోలేదు. దాన్ని మూయడానికి మళ్లీ టెక్సస్ వాళ్లే రావాల్సి వచ్చింది.

చమురు పనుల్లో వీలైనంత వరకు నార్వేజియన్ వాడాలని, అవసరమైతే వేరే భాష వాడినా భద్రతకు భంగం రాకూడదని ఇప్పటి నియమం. నన్నడిగితే గెలిచింది సగమే. నిఘంటువులో బోరెవెస్కె ఉంది, రిగ్గు మీద ‘మడ్’ చావలేదు. అయినా కాకినాడ, రాజమండ్రి వైపు నుంచి ఈ పనికి రావాలనుకునే పిల్లలకు ఒక మాట. ఆఫీసు ఉద్యోగమైతే ఇంగ్లీషుతో నెట్టుకురావచ్చు. సముద్రం మీద పనైతే మాత్రం నార్వేజియన్ నేర్చుకునే బయల్దేరండి.