కర్రకు పొన్ను

హెల్వెలిన్ కొండ మీద గాలి హోరెత్తుతోంది. ఎత్తులో ఇంగ్లండుకు ఇది మూడో శిఖరం, 950 మీటర్లు. పడమర దిగువన థర్ల్‌మియర్ జలాశయం, తూర్పున అల్స్‌వాటర్ సరస్సు. శిఖరం దగ్గర, ఎటునుంచి గాలి వీచినా మనిషి తలదాచుకోవడానికి, శిలువ ఆకారంలో రాతిగోడ కట్టారు. ఆ గోడ చాటున కూర్చుని ఆమె ఫైబర్ గ్లాసు కర్రను ఒక్కో గొట్టంగా పైకి లాగుతోంది. భర్త అడుగు భాగం పట్టుకున్నాడు.

"బాగా తిప్పి బిగించు. లేకపోతే ఈ గాలికి జారిపోతుంది."

ఆమె బిగించింది. వేళ్లు కొంకర్లు పోతున్నాయి కాబట్టి ఎంత బిగిసిందో చేతికి తెలియలేదు. మరికాస్త తిప్పింది. కర్ర నిలబెట్టి తీగ కట్టిన కొసను పైకి లేపగానే గాలి విసురుగా కొట్టింది. టప్‌మని చప్పుడు. పైనున్న గొట్టాలన్నీ సర్రున కిందికి దిగిపోయాయి.

"ఏమైంది?"

"చీలిందండీ."

అడుగునుంచి రెండో గొట్టం మూతి దగ్గర జానెడు పొడవున నిలువు పగులు. వేలితో నొక్కితే పగులు నోరు తెరుస్తోంది.

ఆమె కొండెక్కింది సరదా షికారుకు కాదు. 'సమ్మిట్స్ ఆన్ ది ఎయిర్' అనే హామ్ రేడియో కార్యక్రమం కోసం. 'సోటా' అని పిలుచుకునే ఇది 2002 మార్చిలో ఇంగ్లండు, వేల్స్ కొండల మీద మొదలై తర్వాత ఎన్నో దేశాలకు పాకింది. నిబంధనలు తేలికే గానీ పాటించడం తేలిక కాదు. శిఖరానికి చేరే ఆఖరి దారిలో మోటారు వాహనం వాడకూడదు. రేడియో, బ్యాటరీ, యాంటెనా అన్నీ మోసుకెళ్లాలి. శిఖరం నుంచి నిట్టనిలువుగా 25 మీటర్ల లోపే స్టేషన్ పెట్టాలి. పాయింట్లు దక్కాలంటే కనీసం నాలుగు వేర్వేరు స్టేషన్లతో మాట్లాడాలి.

ఆమె తెచ్చింది ఐదు వాట్ల రేడియో, 7 మెగాహెర్ట్జ్‌కు సరిపోయే డైపోల్ యాంటెనా. అంటే మధ్యలో కేబుల్, అటూ ఇటూ పదేసి మీటర్ల తీగ. మధ్య భాగాన్ని కర్ర కొసకు కట్టి, రెండు చివరలనూ నేలవైపు వాలుగా లాగి కడతారు. ఆ శిఖరం మీద చెట్టన్నది లేదు. కర్ర నిలబడకపోతే యాంటెనా లేదు.

"దిగిపోదామా?" అన్నాడాయన.

"ఆ పగులు రెండంచులూ దగ్గరికి నొక్కి పట్టుకోండి."

చేతిగుడ్డతో తడి తుడిచింది. ఇన్సులేషన్ టేపును సాగదీస్తూ పగులు మొదలైన చోటు నుంచి ముగిసిన చోటుకు రెండంగుళాల కింది దాకా చుట్టింది. కర్రకు ఆసరాగా కట్టే సన్నతాడు ఒకటి తీసి, టేపు మీద వరస పక్కన వరసగా, సందు లేకుండా బిగించి చుట్టింది. పైన మళ్లీ టేపు. ఆ కీలు మీద బరువు తగ్గించడానికి దాని పై గొట్టాన్ని సగమే లాగి, జారకుండా టేపు చుట్టింది. కర్ర పొట్టిదైంది. అయినా కొండ ఎత్తు తోడుంది కదా!

నిలబెట్టారు. నిలబడింది.

"సీక్యూ, సీక్యూ..." అంటూ, వింటున్నవాళ్లెవరైనా పలకమని పిలవగా పిలవగా ఒక గొంతు బదులిచ్చింది. వెంటనే మరొకటి. మూడోది సన్నగా, గరగరల మధ్య. ఆ తర్వాత ఎవరూ లేరు. ఆమె కళ్లు కర్ర మీదే ఉన్నాయి. గాలి విసిరినప్పుడల్లా కట్టు దగ్గర కిర్రుమంటోంది. బ్యాటరీ చల్లబడి ఓల్టేజీ పడిపోతోంది. ఆఖరికి నాలుగో స్టేషన్ పలికింది. కాల్‌సైన్, సిగ్నల్ రిపోర్టు లాగ్‌బుక్‌లో రాసుకుని, చీకటి పడకముందే దిగడం మొదలుపెట్టారు.

ఇంట్లో ఆమె తండ్రి ఉన్నాడు. చుట్టపుచూపుగా వచ్చిన ఆ పెద్దాయన కాకినాడ దగ్గర తీరంలో ఫైబర్ బోట్లకు అతుకులు వేసిన మనిషి. కర్రను దీపం దగ్గర తిప్పి చూశాడు.

"ఇది మా బోటు సరుకే కదమ్మా. గాజునార, రెసిన్."

"లోపల చెక్క పుల్ల దూర్చి అతికిస్తే ఆగుతుందా నాన్నా?"

"ఆగుతుంది. మరి ముడిచినప్పుడు పై గొట్టం ఎక్కడికి పోతుంది?" ఆయన నవ్వాడు. "రోకలికి పొన్ను ఎందుకేస్తారు? మొన చీలకుండా. దీనికీ అదే కావాలి."

ఆయన చెప్పిందే అసలు కిటుకు. ఇలాంటి కర్రల్లో గాజునార చాలావరకు నిలువునా పరుచుకుని ఉంటుంది. అందుకే వంచితే విల్లులా వంగుతుంది గానీ సులువుగా విరగదు. అడ్డంగా చుట్టిన నార తక్కువ. పై గొట్టం అడుగు లావు, కింది గొట్టం మూతి సన్నం. లాగి బిగిస్తే ఆ లావు మేకులా దిగి మూతిని లోపలినుంచి నెడుతుంది. ఆ నెట్టుడుకు నిలువు నార అడ్డుపడదు. మూతి చీలుతుంది.

మర్నాడు అడుగు మూత విప్పి గొట్టాలన్నీ కిందినుంచి బయటికి లాగారు. ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు వేసుకున్నారు. గాజు ధూళి చర్మానికి దురద, ఊపిరితిత్తులకు చేటు. పగులు ఆగిన చోట సన్నటి డ్రిల్లుతో చిన్న బెజ్జం వేశారు. అక్కడితో చీలిక ముందుకు పాకదు. తడిపిన ఉప్పుకాగితంతో రంగు పోయేదాకా రుద్ది, ఆరబెట్టారు.

"బోటుకైతే పాలిస్టర్ రెసిన్ వాడతాం. ఇంత సన్న గొట్టానికి ఎపాక్సీ అయితేనే పాత పూతను గట్టిగా పట్టుకుంటుంది" అన్నాడు పెద్దాయన. రెసిన్, హార్డనర్ ప్యాకెట్ మీద రాసిన పాళ్లలో కలిపారు. లోపలికి ఒక్క చుక్క జారి గట్టిపడినా తర్వాత పై గొట్టం అక్కడ ఇరుక్కుపోతుంది కాబట్టి ముందే పాలిథిన్ చుట్టిన పుల్లను వదులుగా దూర్చారు. పగుల్లోకి ఎపాక్సీ పట్టించి, గట్టి నైలాన్ దారాన్ని వరస తప్పకుండా చుట్టి, పైన మళ్లీ పూత వేశారు. కట్టు మందమైతే ముడిచినప్పుడు ఆ మేరకు గొట్టం బయటే ఉండిపోతుంది. అందుకే ఒక్క పొరతో సరిపెట్టారు. చలిగా ఉండే గ్యారేజీలో ఎపాక్సీ సరిగా గట్టిపడదు కాబట్టి ఇంట్లోనే రోజంతా కదపకుండా ఉంచారు. ఎండకు ఎపాక్సీ పాడవకుండా ఆఖరున రంగు వేశారు.

పుల్ల తీసేసి, గొట్టాలు మళ్లీ చొప్పించి, కర్ర నిలబెట్టి వంచి చూశారు. కట్టు కదల్లేదు.

ప్రతి పగులూ ఇలా బాగుపడదు. నార అడ్డంగా తెగినా, నొక్కితే మెత్తగా లోపలికి పోతున్నా ఆ గొట్టం మార్చాల్సిందే. ఇనుప క్లిప్పు బిగించి సరిపెట్టుకుంటే పలచటి గొట్టం నలిగి ఇంకోచోట చీలుతుంది. గట్టిదని కార్బన్ ఫైబర్ కర్ర కొనబోతే, అది విద్యుత్తును పోనిస్తుంది కాబట్టి పక్కనున్న యాంటెనా తీగ లెక్క తప్పిస్తుంది. ఏ కర్రనైనా కరెంటు తీగల దరిదాపుల్లో నిలబెట్టకండి. మీ దగ్గర ఇలాంటి కర్ర ఉంటే ఈసారి బయల్దేరే ముందు ప్రతి గొట్టం మూతి చుట్టూ కాస్త దూది తిప్పండి. దూదిపోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ చీలిక మొదలైనట్టే. కట్టు అప్పుడే వేయండి.