ఇటుకల పేట



మలేషియా రాజధానియగు కౌలాలంపూరునకు పోయినవారు సామాన్యముగా ఆకాశమునంటు జంటగోపురములను చూచి మరలివత్తురు. అవి చూడదగినవే, కాదనను. కాని చరిత్రమునం దభిరుచిగలవారు కే.యల్. సెంట్రల్ అను మహా రైలుస్టేషను వెలుపల ఒకపూట కాలినడకను తిరుగవలెనని నా మనవి. ఆ పేటకు బ్రిక్‌ఫీల్డ్సు అని పేరు. ఇటుకలు చేయు నేలలని యర్థము. నే నచట మూడుదినము లుంటిని.

ఆ పేరునకు గారణ మొక విపత్తు. 1857లో తగరపు గనులకై వచ్చినవారు రెండేఱులు కలియుచోట వేసికొన్న గుడిసెలతో నా పట్టణము పుట్టినది. మలయుభాషలో దాని పేరునకు బురదసంగమమని యర్థము. సంగమమనగానే మనకు పుణ్యస్నానము మనస్సునకు వచ్చును. వారికి బురద వచ్చినది! 1881లో మొదట అగ్నియు, పిదప వరదయు కొయ్యగోడల ఆకుటిండ్లను రూపుమాపెను. మరుసటియేట రెసిడెంటుగా వచ్చిన ఫ్రాంక్ స్వెట్టెన్‌హామ్ దొర యికమీదట ఇటుకతోను పెంకుతోను కట్టవలెనని పట్టుపట్టెను. చీనావారి నాయకుడగు యాప్ ఆలాయ్ ఇచట నేల సంపాదించి ఇటుక ఆవములు పెట్టించెను.

1886లో క్లాంగు వైపునకు రైలుమార్గము పడెను. తరువాత నీ పేట రైలుబండ్లను కూర్చు యార్డునకును, ఆ పనివారి నివాసములకును స్థానమయ్యెను. తమిళులు, సింహళులు, యాఴ్పాణమువారు వచ్చిరి. సింహళుల బౌద్ధవిహారసంఘము 1894 నాటిది. వివేకానందాశ్రమము 1904 నాటిది. యాఴ్పాణమువారి కందస్వామి కోవెలయు నడకదూరమే. మన తెలుగువారు మాత్ర మెక్కువగా రబ్బరు, కొబ్బరితోటలకు కూలికి పోయినవారు. అందుచే నీ వీధులలో నాకు తెలుగుమాట అరుదుగా వినబడెను.

అయినను పెద్దవీధి పేరు తోటకూలీలనే తలపించును. అది తున్ సంబంధన్ వీధి. మంత్రిగా నుండిన ఆయన కాలమున దొరలు తమ తోటలను ముక్కలుచేసి అమ్మసాగిరి. తోట పోయిన కూలికి పని పోవుటయే గాదు, ఇల్లును పోవును, ఏలయన ఆ యిల్లును తోటదే. 1960లో సంబంధన్ సహకారసంఘమును స్థాపించి, కూలీలచేత కొద్దికొద్దిగా వాటాలు కట్టించి తోటలనే కొనిపించెను. జంటగోపురముల యెత్తుకంటె నిది నాకు పెద్దగా దోచినది.

ఇక నా మనస్సును నొప్పించిన సంగతి. రైలుపనివారికై 1905లో కట్టిన వంద యిండ్ల వరుస యొకటి యచట నుండెడిది. 2010 తరువాతి దశాబ్దమున దానిని కూల్చివేసిరి. పాత యార్డు నేలపైననే 2001లో కొత్త స్టేషను తెరువబడెను. దానికి చెంత, మన దేశము కానుకగా నిచ్చిన సాంచీరీతి తోరణద్వారము 2015 నుండి నిలిచియున్నది. తోరణము సుందరమే. కాని యా పేటకు వన్నె తెచ్చినవారి యిండ్లలో రెండైనను నిలిపియుండిన, పిల్లలకు జూపుట కదియు నొక కానుకయై యుండును గదా!

ఇంతయు జూచినపిదప స్థానికపు రైలెక్కి ఒక్క మజిలీ పోవుడు. 1910లో హబ్బక్ అను శిల్పి రచించిన పాత స్టేషను వచ్చును. తెల్లని గోడలు, గుమ్మటములు, మన ఉత్తరదేశపు కోటలపై నుండునట్టి ఛత్రములు. దూరపు బండ్ల సందడి కొత్తదానికి తరలిపోయినను, స్థానికపు బండ్లు నేటికిని అచట నాగుచున్నవి. నేను దిగినపుడు వేదికపై నలుగురమే యుంటిమి.