పిత్తమార్గమున రక్తస్రావము – ఒక వ్యాధి చరిత్ర

కర్నూలు, కడప జిల్లాలలో 'రాళ్ళ జబ్బు' అనగానే చాలమందికి మూత్రపిండములలోని రాళ్ళే తలపునకు వచ్చును. కాని పిత్తాశయములోను రాళ్ళు పుట్టును. ఇవి అన్నముతో మ్రింగిన మట్టిబెడ్డలు కావు. పైత్యరసములోని కొలెస్టరాలు, వర్ణకములు గట్టిపడగా ఏర్పడినవి. ఉత్తర భారతమున కొలెస్టరాలు రాళ్ళు హెచ్చు. దక్షిణమున వర్ణకపు రాళ్ళ పాలు అధికము.

ఇట్టి రాయి చిరకాలము ఒరసికొనుటచే పిత్తాశయపు గోడ వాచి పుండగును. ఒక్కొక్కప్పుడు ప్రక్కనున్న ధమని గోడయు బలహీనపడి ఉబ్బును. ఆ ఉబ్బు పగిలినచో రక్తము పిత్తనాళముగుండా చిన్నప్రేవులోనికి దిగును. ఇది మిక్కిలి అరుదు, అయినను ప్రాణాపాయకరము.

ఇట్టి రక్తస్రావమును 1654లో ఇంగ్లండు వైద్యుడు ఫ్రాన్సిస్ గ్లిసన్ మొదట వర్ణించెను. అతడు వ్రాసినది ద్వంద్వయుద్ధమున గాయపడి మరణించిన యువకుని సంగతి. రాతివలన కలిగినది కాదు. 1871లో జర్మను వైద్యుడు క్వింకె మూడు గుర్తులను చెప్పెను: కడుపు కుడివైపు పైభాగమున నొప్పి, పచ్చకామెర్లు, ప్రేవులలో రక్తస్రావము. గడ్డకట్టిన రక్తము నాళమునకు అడ్డుపడినపుడు నొప్పి, కామెర్లు కలుగును. గడ్డ జారిపోగానే నొప్పి తగ్గి, మలము తారువలె నల్లబడును. మూడును ప్రతి రోగియందు కలసి కనిపించవు. కనుకనే దీనిని కడుపులోని పుండుగా పొరపడుట కద్దు.

1948లో స్వీడను శస్త్రవైద్యుడు సాండ్‌బ్లోమ్ దీనికి 'హీమోబిలియా' అని పేరు పెట్టెను. నాటికి రాయలసీమలో వైద్యకళాశాల లేదు. కర్నూలున 1956లోను, తిరుపతిలో 1960లోను, కడపలో 2006లోను వైద్యకళాశాలలు వెలసినవి.

చికిత్సయు క్రమముగా మారినది. 1882లో బెర్లినున లాంగెన్‌బుఖ్ మొదటిసారి పిత్తాశయమును కోసి తీసివేసెను. 1970 దశకము నుండి సన్నని గొట్టమును ధమనిలోనికి పంపి, రక్తము కారుచోటనే మూసివేయు పద్ధతి వచ్చినది. నేడు ఈ వ్యాధికి రాళ్ళకంటె కాలేయముపై జరుగు సూదిపరీక్షలు, శస్త్రచికిత్సలే హెచ్చుగా కారణములు.

పచ్చకామెర్లనగానే పసరుమందు త్రాగించు అలవాటు తెలుగునాట ఇంకను పోలేదు. కామెర్లతోపాటు మలము నల్లబడినను, రక్తము వాంతియైనను, అది పసరుతో కాలము గడపదగిన జబ్బు కాదు. వెంటనే ఆసుపత్రికి చేర్చవలెనని విద్యార్థులు గుర్తుంచుకొని, ఇంటివారికిని చెప్పవలెను.