పిండి సొరుగు

కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్లలో రెడీమేడ్ కిచెన్ క్యాబినెట్లు బిగించడం నా పని. ఈ పనికి మూలం వెతికితే 1926 నాటి ఫ్రాంక్‌ఫర్ట్ కనిపిస్తుంది. ఆ నగర ప్రణాళికాధికారి ఎర్నస్ట్ మే కట్టించిన కాలనీల కోసం ఆర్కిటెక్ట్ మార్గరెటె షూట్టె-లిహోట్‌స్కీ, రైళ్లలోని ఇరుకు వంటగదులు చూసి, వంటలో పడే ప్రతి అడుగూ లెక్కగట్టి, 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవులో వంటగది గీసింది. దినుసులు ఒంపుకోవడానికి మూతి ఉన్న అల్యూమినియం సొరుగులు. పిండికి మాత్రం పురుగు పట్టకుండా ఓక్ చెక్క సొరుగు! ఆ ఒక్క సొరుగుకే ఆమెకు దండం పెట్టొచ్చు. దాదాపు 10,000 ఇళ్లలో అదే నమూనా అమర్చారు.

ఇప్పుడు అలాంటి రెడీమేడ్ వంటగదులు మా ఊళ్లోనూ దొరుకుతున్నాయి. విడిభాగాలుగా అట్టపెట్టెల్లో సామాను అమ్మే ఐకియా 2018లో హైదరాబాద్ వచ్చింది. మీరూ అలాంటి క్యాబినెట్లు పెట్టించుకుంటుంటే, సింకు కింద పార్టికల్ బోర్డు ఒప్పుకోకండి. నీళ్లకు ఉబ్బిపోతుంది. మరిగే నీటినీ తట్టుకునే బీడబ్ల్యూపీ ప్లైవుడ్ అడగండి.