మాటలు రాని పిల్లాడికి అర్ధరాత్రి నొప్పి వస్తే.. క్యాజువాలిటీలో డాక్టర్‌కి ముందు ఏం చెప్పాలి?

అర్ధరాత్రి పన్నెండు దాటింది. పిల్లాడు తల గోడకేసి కొట్టుకుంటున్నాడు. ఎత్తుకుంటే కొరుకుతున్నాడు. హడావుడిగా ఆస్పత్రికి తీసుకెళ్తే, డ్యూటీ డాక్టర్ పాత ఫైల్ చూసి 'ఆటిజం కదా, బిహేవియర్ ప్రాబ్లమే' అనేస్తే? చెవిలో చీము, చిగురు వాపు, రోజుల తరబడి మలబద్ధకం.. అసలు కారణం ఏదైనా కావచ్చు. ఆటిజం, మేధో వైకల్యం ఉన్న పిల్లల విషయంలో ఎమర్జెన్సీలో ఎక్కువగా భయపడాల్సింది దీనికే. కొత్తగా వచ్చిన బాధని కూడా పాత డయాగ్నసిస్ ఖాతాలో వేసేస్తారు.

అందుకే లోపలికి వెళ్లగానే చెప్పాల్సిన మొదటి మాట ఇది: "మావాడు రోజూ ఇలా ఉండడు సార్, నిన్న సాయంత్రం నుంచే ఈ మార్పు." చెవులు, గొంతు, పళ్లు, పొట్ట చూడమని అడగండి. మగపిల్లలైతే వృషణాలు కూడా. మొహమాటం అక్కర్లేదు.

నొప్పి పదికి ఎంత అంటే ఈ పిల్లలు చెప్పలేరు. ముఖం, కాళ్లు, కదలికలు, ఏడుపు, ఓదారిస్తే ఊరుకుంటున్నాడా అనేవి చూసి మార్కులు వేసే 'ఫ్లాక్' స్కేల్ ఉంది. వైకల్యం ఉన్న పిల్లల కోసం దాన్ని కొంత మార్చారు. అందులో తల్లిదండ్రులు చెప్పే గుర్తులూ చేర్చుకోవచ్చు. కొందరు పిల్లలు నొప్పొస్తే ఏడవరు, నవ్వుతారు. ఆ సంగతి ఇంట్లోవాళ్లు చెబితేనే డాక్టర్‌కి తెలుస్తుంది.

ఇక ఫిట్స్. ఆటిజం ఉన్న పిల్లల్లో మూర్ఛ మిగతా పిల్లల కంటే ఎక్కువ. ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, టైమ్ చూసుకోండి. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా పెట్టడం మన దగ్గర ఇంకా చూస్తూనే ఉన్నాం. రెండూ వద్దు. 5 నిమిషాలు దాటినా, తగ్గి మళ్లీ వచ్చినా వెంటనే 108. బటన్ బ్యాటరీ మింగాడని అనుమానం వచ్చినా ఆగొద్దు, వాంతి చేయించొద్దు.

క్యూలో గంట కూర్చోవడం ఈ పిల్లలకి నరకమే. ట్యూబ్‌లైట్లు, అరుపులు, కొత్త చేతులు. దీనికి చట్టం ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 25వ సెక్షన్, వైద్యంలో వీళ్లకి ప్రాధాన్యం దక్కేలా ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలంటోంది. చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం, మేధో వైకల్యం రెండూ ఉన్నాయి. యూడీఐడీ కార్డు చూపించి అడగండి. కౌంటర్‌లో అందరికీ ఈ సెక్షన్ తెలిసుండదు, గొడవ కన్నా నర్సుతో మెల్లగా చెప్పడమే తొందరగా పనిచేస్తుంది. పిల్లాడిని బయట ఆటోలోనో కారులోనో ఉంచి, వంతు రాగానే ఫోన్ చేయమన్నా మేలే.

ఖర్చు గురించి కూడా ఓ మాట. నేషనల్ ట్రస్ట్ 'నిరామయ' బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు ఇస్తుంది. ముందే చేరి ఉండాలి.

ఈ రాత్రే ఓ తెల్లకాగితం తీయండి. పేరు, బరువు, వాడే మందులు ఎన్ని ఎంఎల్, పడని మందులు, నొప్పొస్తే ఎలా ఉంటాడు, ఎక్కడ ముట్టుకుంటే బెదిరిపోతాడు, ఏది ఇస్తే శాంతిస్తాడు, అన్నీ తెలుగులోనే రాయండి. మందుల పేర్లు మాత్రం చీటీలో ఉన్నట్టే. చివరగా ఎప్పుడు తిన్నాడో కూడా గుర్తుంచుకోండి, స్కాన్ కోసం మత్తు ఇవ్వాల్సి వస్తే మొదట అడిగేది అదే. కాగితం ఫొటో తీసి మీ ఫోన్‌లో ఒకటి, అమ్మమ్మ ఫోన్‌లో ఒకటి ఉంచండి. ఆ టైమ్‌కి ఇంట్లో ఉండేది ఆవిడే కావచ్చు.