పక్కీరప్ప వేరు, ఫక్రుద్దీన్ వేరు

నల్లమాడ చుట్టుపక్కల ‘ఒరే పక్కీరా’ అని కేకేస్తే పలికేవాడు సాయిబుల పిల్లాడే కానక్కర్లేదు. బోయల ఇంటివాడో కాపుల ఇంటివాడో కూడా కావచ్చు. ఇక్కడ చాలా పేర్లు మొక్కుబడి మీద పుట్టినవి. పుట్టపర్తి దాటి పడమటికి పోతే పెనుకొండ. అక్కడి దర్గాలో చక్కెర చదివించి, ముజావరు చేత నెమలి ఈకల కట్టతో తల నిమిరించుకొని వచ్చినవాళ్లు బిడ్డ పుడితే బాబయ్య అనో ఫకీరప్ప అనో పెట్టుకుంటారు.

ఆ దర్గాలో ఉన్నది బాబా ఫక్రుద్దీన్. సీస్తాన్ రాజ్యం వదిలి ఫకీరైనాడని, తిరుచ్చి నథర్ వలీ శిష్యుడని కథ. గురువిచ్చిన పుల్ల చిగురించిన చోట ఆగమన్నారట, అది పెనుకొండలో చిగురించిందట.

పేరు మాత్రం అచ్చమైన అరబ్బీ. ‘ఫఖ్ర్’ అంటే గర్వకారణం, ‘దీన్’ అంటే మతం. మొదట్లో ఇది పేరు కాదు, బిరుదు. 1209లో చనిపోయిన పండితుడు ఫఖ్రుద్దీన్ రాజీ అసలు పేరు మహమ్మద్. బిరుదులే పోనుపోను పిల్లల పేర్లయినాయి.

అజర్‌బైజాన్‌లోనూ ఇదే పేరుంది. పలకడం ‘ఫ్యాఖ్‌ర్యాద్దిన్’కు దగ్గరగా ఉంటుంది. అక్కడి సినిమా నటుడు ఫఖ్రద్దిన్ మనాఫోవ్ పేరులో మనాఫ్ కూడా అరబ్బీయే, చివరి ‘ఓవ్’ రష్యా పాలన తగిలించిన తోక. ఆ దేశం ఒక్క శతాబ్దంలో అరబ్బీ లిపి వదిలి లాటిన్‌కు, అక్కడినుంచి రష్యన్ అక్షరాలకు, 1991లో మళ్లీ లాటిన్‌కు మారింది. పేరు ఒకటే, రాత మారింది మూడు సార్లు.

మనకూ ఒక ఫక్రుద్దీన్ రాష్ట్రపతి ఉండేవారు, 1977లో పదవిలోనే పోయారు.

మరి ఫకీరప్ప? చెవికి ఫక్రుద్దీన్ ముద్దుపేరులా వినబడుతుంది గానీ, కాదు. ఫకీరు ‘ఫఖ్ర్’ నుంచి రాలేదు, ‘ఫక్ర్’ నుంచి వచ్చింది. అంటే పేదరికం. అరబ్బీలో మొదటిదానికి గొంతు గీరుకునే ‘ఖ’, రెండోదానికి గొంతు అడుగున పుట్టే ‘క’. తెలుగు నోట రెండూ ‘క’లే, పైగా ‘ఫ’ కాస్తా ‘ప’. పేదరికమే మా గర్వం అని చెప్పుకున్న సూఫీలకు ఈ కలగాపులగం నచ్చే ఉండేది.

పెనుకొండ ఉరుసుకు ఫక్రుద్దీన్లూ వస్తారు, పక్కీరప్పలూ వస్తారు. దర్గాలోని ఆయన మాత్రం ఇద్దరికీ బాబయ్యే. అజర్‌బైజాన్ భాషలో ‘బాబా’ అంటే తాత. మన సీమలో ‘అయ్య’ అంటే నాయన.